ఫ్లాట్‌హెడ్ సిక్స్‌కి వెబర్ 32/36: చెన్నైలో ఒక డాడ్జ్ కింగ్స్‌వే కేస్ స్టడీ

వెబర్ 32/36 రెండు గొంతుల కార్బురేటర్, అంటే పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కి అందించే భాగం. దాన్ని ఒక పాత బండికి తగిలించిన కథ ఇది. బండి 1952 డాడ్జ్ కింగ్స్‌వే. ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు బొంబాయి కుర్లాలో బిగించిన తరం. ఇంజిన్ క్రైస్లర్ వారి సైడ్ వాల్వ్ ఆరు సిలిండర్లది, షెడ్లలో ఫ్లాట్‌హెడ్ అంటారు. 217.8 ఘనపుటంగుళాలు, అంటే సుమారు 3.57 లీటర్లు. బోరు 82.55 మి.మీ., స్ట్రోకు 111.1 మి.మీ., ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4. కరెంటు 6 వోల్టులు, పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి). స్టీరింగ్ కాలమ్ మీద మూడు గేర్లు.

టి.నగర్‌లో స్థిరపడిన నెల్లూరు కుటుంబం బండి ఇది. నెలకోసారి తిరుపతి వెళ్ళొస్తుంది. ఫిర్యాదు డ్రైవరు మాటల్లోనే: "డెబ్బై దాటితే పికప్ లేదన్నా. నగరిలో టీకి ఆపితే మళ్ళీ లేవదు. పంపు మీద తడిగుడ్డ ఏసి పావుగంట కూర్చోవాల." దీనికి తోడు ప్లగ్గులు విప్పితే 3, 4 నల్లగా (పెట్రోలు ఎక్కువ), 1, 6 తెల్లగా (పెట్రోలు తక్కువ) ఉన్నాయి.

అసలు కార్టర్ కార్బురేటర్ ఎప్పుడో పోయింది. దాని చోట ఎవరో అంబాసిడర్‌కి వచ్చే ఎస్‌యూ కార్బురేటర్ తగిలించారు, ఒకటింపావు అంగుళాల గొంతుది. 1489 సీసీ అంబాసిడర్ ఇంజిన్ 4,800 ఆర్‌పీఎం దగ్గర పీల్చే గాలిని ఈ ఇంజిన్ 2,000 దగ్గరే పీల్చేస్తుంది. ఈ బండి టాప్ గేరులో 70 కిలోమీటర్ల వేగానికి సుమారు 2,000 ఆర్‌పీఎం తిరుగుతుంది. డ్రైవరు చెప్పిన 70కీ ఈ లెక్కకీ పొత్తు కుదిరింది. కాబట్టి మొదటి ఫిర్యాదుకి కార్బురేటరే కారణం. మిగతా రెండింటికి కాదు. వేడికి ఆగిపోయే బండికి ఎంత ఖరీదైన కార్బురేటర్ తగిలించినా అది కూడా వేడికి ఆగిపోతుంది.

విప్పకముందు చూసినవి

కంప్రెషన్ ఆరు సిలిండర్లకీ 100 నుంచి 108 పీఎస్ఐ మధ్య ఉంది. ఈ వయసు ఫ్లాట్‌హెడ్‌కి మంచి అంకెలే. సిలిండర్ల మధ్య తేడా తక్కువగా ఉండటం అంకె కన్నా ముఖ్యం. ఒక సిలిండర్ 70 చూపిస్తూ ఉంటే కార్బురేటర్ మాట పక్కన పెట్టి వాల్వుల పని చూడాలి.

మానిఫోల్డ్ (సిలిండర్లకి మిశ్రమం పంచే గొట్టాల అమరిక) లోపలి వ్యాక్యూమ్ స్లోలో, అంటే పెడల్ తొక్కకుండా ఇంజిన్ తిరిగేటప్పుడు, 15 అంగుళాల దగ్గర నిలకడగా ఉంది. ఆరోగ్యంగా ఉన్న ఈ ఇంజిన్‌కి 18 నుంచి 20 రావాలి. ముల్లు ఊగకుండా కింద ఉందంటే వాల్వు లోపం కాదు, గాలి లీకో, టైమింగ్ (ప్లగ్గు నిప్పు పడే వేళ) వెనక్కి ఉండటమో. రెండూ ఉన్నాయి. మానిఫోల్డ్ చివరి రెండు పోర్టుల దగ్గర కార్బురేటర్ క్లీనర్ చిలకరిస్తే ఇంజిన్ స్వరం మారింది (ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే ఈ పరీక్ష, ఎగ్జాస్ట్ కాలుతుంటే మంట లేస్తుంది). 1, 6 ప్లగ్గుల తెల్లదనంలో సగం కథ ఇక్కడే తేలింది. డిస్ట్రిబ్యూటర్‌లో వ్యాక్యూమ్‌తో టైమింగ్‌ని ముందుకి జరిపే పొర (వ్యాక్యూమ్ అడ్వాన్స్ డయాఫ్రమ్) చిరిగి ఉంది, నోటితో పీలిస్తే గాలి నిలవలేదు.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లోని హీట్ రైజర్ రెక్క తుప్పుపట్టి, వేడిని ఇన్‌టేక్ అడుగుకి మళ్ళించే స్థితిలోనే బిగుసుకుపోయింది. అంటే ఇంజిన్ ఎంత కాగినా ఎగ్జాస్ట్ మంట కార్బురేటర్ కాళ్ళ కిందే తిరుగుతోంది. ఈ ఇంజిన్‌కి ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన, ఒకదాని మీద ఒకటి ఉంటాయి.

ఇంకొకటి, ఎవరూ చూడనిది: బ్యాటరీ కేబుల్. 12 వోల్టుల బండి కేబుల్ వేసి ఉంది. వోల్టేజీ సగమైతే అదే పనికి కరెంటు రెట్టింపు కావాలి. సన్న కేబుల్‌తో వేడి ఇంజిన్ నత్తలా తిరుగుతుంది, నింద పెట్రోలు మీద పడుతుంది. 70 చదరపు మి.మీ. రాగి కేబుల్, ఎర్త్ వైపు కూడా అదే వేశాం.

పాయింట్ల గ్యాప్ 0.020 అంగుళాలు, ప్లగ్గులు 0.025. డయాఫ్రమ్ మార్చి, మానిఫోల్డ్ ప్యాకింగులు కొత్తవి వేసి, రెక్క వదులు చేశాక పాత ఎస్‌యూతోనే బండి నడిపి చూశాం. వ్యాక్యూమ్ 18.5కి ఎక్కింది. వేడి స్టార్టింగ్ పూర్తిగా బాగుపడలేదు గానీ సగం బాధ తగ్గింది. ఇలా మధ్యలో పరీక్షించి చూసే ఓపిక ఎవరికీ ఉండదు, అన్నీ ఒకేసారి మార్చేస్తారు. తర్వాత ఏది దేనివల్ల బాగుపడిందో, ఏది దేనివల్ల చెడిందో తెలియదు.

మానిఫోల్డ్ బిగింపు గురించి ఒక మాట. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెంటినీ కలిపే బోల్టులు ముందు వదులుగా పెట్టి, రెండింటినీ బ్లాకుకి ఆనించి బిగించి, చివర్లో ఆ కలిపే బోల్టులు బిగించాలి. వరస తిరగబడితే ముఖాలు ఒక మట్టంలోకి రావు, లీకు మళ్ళీ మొదలు. బ్లాకు నట్లు 20 అడుగు-పౌండ్లు దాటకూడదు. చివర్లలో ఉండే కోను వాషర్లు మానిఫోల్డ్ కాగి సాగినప్పుడు జరగడానికి ఉన్నవి. వాటి బదులు మామూలు వాషర్లు వేసి గట్టిగా లాగితే చెవులు పగులుతాయి. ఈ బండిలో ఒక చెవి అప్పటికే పగిలి, అతుకు వేసి ఉంది.

ఏ కార్బురేటర్, ఎందుకు

నిజానికి మంచి కార్టర్ బాడీ దొరికితే దాన్ని బాగుచేసి పెట్టడమే ఉత్తమం. ఈ ఇంజిన్ 3,600 ఆర్‌పీఎం ఇంజిన్, దానికి తగ్గట్టు చేసిన కార్బురేటర్ అది. ఇక్కడ దొరికిన రెండు బాడీలూ జింక్ పుచ్చిపోయి, త్రాటిల్ షాఫ్ట్ రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి అరిగి ఉన్నాయి. బుష్షులు వేసి షాఫ్ట్‌ని కాపాడొచ్చు, లోపలి దారులు పుచ్చితే దారి లేదు.

గాలి లెక్క చూద్దాం. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకి ఒకసారి 3.57 లీటర్లు. 3,600 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 6,426 లీటర్లు. సైడ్ వాల్వ్ ఊపిరి అంతంతమాత్రం, 75 శాతం నిండుతుందనుకుంటే 4,800 లీటర్లు, అంటే సుమారు 170 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగులు). వెబర్ 32/36 డీజీవీకి ఇది తేలిక. దాని ప్రైమరీ (మొదట తెరుచుకునే) గొంతులో వెంచురి, అంటే ఇరుకు భాగం, 26 మి.మీ., సెకండరీది 27. చిన్న గొంతు ఒక్కటే తెరుచుకుని ఊరి ట్రాఫిక్‌లో నడుస్తుంది, పెద్దది అవసరానికి తోడవుతుంది. రెండు గొంతులూ ఒకేసారి తెరిచే 38/38 ఈ ఇంజిన్‌కి వద్దు. తక్కువ వేగంలో గాలి మందగించి పెట్రోలు చుక్కలుగా మానిఫోల్డ్ అడుగున కూర్చుంటుంది.

చోక్ విషయంలో పొరపాటు చేసేవాళ్ళు ఎక్కువ. డీజీఈవీ అంటే ఎలక్ట్రిక్ చోక్, అది 12 వోల్టులది. 6 వోల్టులకి పెడితే కాయిల్ చాలినంత కాగదు, చోక్ తెరుచుకోవడానికి యుగం పడుతుంది, బండి నల్ల పొగ వదులుతూ తిరుగుతుంది. చేతి చోక్ ఉన్న డీజీవీయే తీసుకోవాలి. డాష్‌బోర్డులో చోక్ కేబుల్ ఎటూ ఉంది.

నకళ్ళు చాలా ఉన్నాయి. పెట్టె మీద పేరు కన్నా జెట్ల (పెట్రోలుని కొలిచి వదిలే చిన్న ముక్కల) రంధ్రాలు చూడండి. నంబరు ఒకటి, రంధ్రం ఒకటి ఉన్న జెట్లు ట్యూనింగ్‌ని పాతాళానికి తోస్తాయి. 140 అంటే 1.40 మి.మీ., పిన్ గేజ్‌తో కొలిస్తే తెలిసిపోతుంది.

చట్టం వైపు నుంచి ఒక జాగ్రత్త: 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయించాలంటే అది అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. అందుకే మానిఫోల్డ్‌కి ఒక్క రంధ్రం కూడా కొత్తగా కొట్టలేదు. ఈ మార్పు మొత్తం ఒక పూటలో విప్పేసి పాత కార్టర్ పెట్టుకునేలా చేశాం.

అడాప్టర్: పని మొత్తానికి గుండెకాయ

మానిఫోల్డ్ గొంతు కొలిస్తే 39 మి.మీ. వైశాల్యం 1,195 చదరపు మి.మీ. వెబర్ రెండు వెంచురిలూ కలిపి 1,104. అంటే మానిఫోల్డ్ గొంతు వెంచురిల కన్నా కాస్త పెద్దదే, అడ్డం కాదు. ఈ లెక్క చేయకుండా మానిఫోల్డ్‌ని కోసి గొంతు పెంచేవాళ్ళున్నారు. అనవసరం, వెనక్కి తీసుకోలేని పని.

గిండీ ఎస్టేట్‌లో లేత్, మిల్లింగ్ రెండూ ఉన్న షెడ్డులో 6061 అల్యూమినియంతో రెండు ముక్కల అడాప్టర్ చేయించాం. కింది ముక్క మానిఫోల్డ్ స్టడ్లకి, పై ముక్క వెబర్ నాలుగు స్టడ్లకి. మధ్యలో రెండు గొంతుల నుంచి ఒక గొంతుకి వాలు. మొత్తం ఎత్తు 38 మి.మీ. ఎత్తు తగ్గించాలని 15 మి.మీ.లో ముగిస్తే లోపల అరుగులా మెట్టు మిగులుతుంది. పెట్రోలు ఆ అరుగు మీద కూర్చుని, మలుపులో ఒక్కసారిగా జారి ఇంజిన్‌ని ముంచుతుంది. వాలు నున్నగా ఉండాలి గానీ అద్దంలా మెరవక్కర్లేదు. 120 ఎమరీ గరుకు చాలు, తడి గోడకి అంటుకోకుండా గాలిలో కలుస్తుంది.

వెబర్‌ని ఏ దిక్కుకి తిప్పి పెట్టాలి? త్రాటిల్ షాఫ్టులు క్రాంక్‌షాఫ్ట్‌కి సమాంతరంగా ఉండాలి. సగం తెరిచిన రెక్క గాలిని ఒక వైపుకి తోస్తుంది. షాఫ్టు అడ్డంగా ఉంటే ఆ తోపు ముందు మూడు సిలిండర్లకో వెనక మూడింటికో ఎక్కువ పెట్రోలు పంపుతుంది. సమాంతరంగా పెడితే తోపు ఇంజిన్ పక్కకి పోతుంది, ముందూ వెనకా సమానం. రెండు గొంతులూ మానిఫోల్డ్ మధ్యగీత మీదికి వస్తాయి కూడా. లింకేజ్ సులువని చాలామంది అడ్డంగా పెడతారు, 1కీ 6కీ మధ్య తేడా జీవితాంతం వెంటాడుతుంది.

ఇక్కడ జరిగిన మూడు తప్పులు. మొదటిది, పై ముక్కలో సెకండరీ రంధ్రం సరిగ్గా 36 మి.మీ. కోశారు. సెకండరీ రెక్క తెరుచుకున్నప్పుడు ఫ్లాంజ్ కిందికి వేలాడి అంచుకి రాసుకుంది. ఈ రాపిడి పెడల్ చివర్లో తప్ప తెలియదు, ఇరుక్కుంటే బండి ఫుల్ రేసులో ఉండిపోతుంది. పై అంచు 38.5కి పెంచి వాలుగా కోయించాం. బిగించే ముందు కార్బురేటర్‌ని అడాప్టర్ మీద పెట్టి రెండు రెక్కల్నీ చేత్తో పూర్తిగా తిప్పి చూడటం తప్పనిసరి. రెండోది, కింది ముక్క బిగించే రెండు మునిగే స్క్రూల తలలు పై ముక్క కింద దాక్కుంటాయి. వాటి మరల గుండా గాలి లీకైంది. పెట్రోలుకి తట్టుకునే సీలెంట్ మరలకి రాసి మళ్ళీ బిగించాం. మూడోది చిన్నదే: ప్యాకింగ్ రంధ్రం అడాప్టర్ రంధ్రం కన్నా 2 మి.మీ. చిన్నది. ప్యాకింగ్ అంచు లోపలికి తొంగిచూసింది. బ్లేడుతో కోశాం.

నాలుగు నట్లూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. గట్టిగా లాగితే వెబర్ ఫ్లాంజ్ వంగి షాఫ్టులు పట్టేస్తాయి.

బానెట్‌కి ఖాళీ ఉందా లేదా చూడ్డానికి ఎయిర్ క్లీనర్ మీద చపాతీ పిండి ముద్ద పెట్టి బానెట్ మూసి తెరిచాం. ముద్ద 21 మి.మీ. దగ్గర ఆగింది, చాలు.

వేడి ఎక్కడ కావాలి, ఎక్కడ వద్దు

వేడికి బండి లేవకపోవడాన్ని డ్రైవరు ఎయిర్ లాక్ అన్నాడు. పరీక్ష తేలిక. బండి కాగి ఆగాక ఎయిర్ క్లీనర్ తీసి టార్చితో గొంతులోకి చూడాలి. నాజిల్ నుంచి పెట్రోలు చుక్కలు కారుతుంటే కార్బురేటర్‌లో పెట్రోలు నిలవుండే గిన్నె మరిగి పొంగుతోందని, ఇంజిన్ మునిగిపోయిందని అర్థం. పెడల్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొడితే లేస్తుంది. గొంతు పొడిగా ఉండి, పెడల్ తొక్కినా కార్బురేటర్‌లోని చిన్న పంపు పెట్రోలు చిమ్మకపోతే అప్పుడది నిజమైన ఎయిర్ లాక్, లైనులో ఆవిరి. ఈ బండికి రెండూ ఉన్నాయి. తడిగుడ్డ పంపుని చల్లబరిచిందన్నది కొంతవరకే నిజం, పావుగంట ఆగడమే మునిగిన మానిఫోల్డ్‌ని ఆరబెట్టింది.

ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2023 నుంచి మొదలై, 2025కల్లా దాదాపు అంతటా అదే. ఇథనాల్ ఒక్కటే అయితే 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది. పెట్రోలుతో కలిస్తే మాత్రం తేలికపాటి భాగాల్ని వెంటబెట్టుకుని ముందే లేస్తుంది. పాత బండ్లకి ఎండాకాలం మరీ కష్టం కావడం ఇందుకే.

మానిఫోల్డ్‌కీ అడాప్టర్‌కీ మధ్య 12 మి.మీ. హైలం (వేడిని ఆపే గట్టి రెసిన్ పలక) ముక్క పెట్టాం. చెన్నై పుదుపేటలో గానీ ప్యారీస్ కార్నర్‌లో గానీ షీటుగా దొరుకుతుంది. రెండు వైపులా పలచని ప్యాకింగ్, స్టడ్లు ఆ మేరకు పొడవు. హైలం కోసిన అంచులు పెట్రోలు పీల్చకుండా వార్నిష్ పూయాలి. కార్బురేటర్ కింద, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పైన 1.5 మి.మీ. అల్యూమినియం రేకు, రెంటికీ మధ్య కనీసం 15 మి.మీ. గాలి ఆడేలా. రేకుని మానిఫోల్డ్‌కి నేరుగా ఆనిస్తే అదే పొయ్యి మీద పెనం అవుతుంది.

తర్వాత తప్పుడు అడుగు వేశాం. చెన్నైలో మానిఫోల్డ్‌కి వేడెందుకని ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మధ్య 1.5 మి.మీ. ఉక్కు పలక పెట్టి వేడి దారి పూర్తిగా మూశాం. రెండు రోజులు పొద్దున్నే బండి పావుగంట దాకా దగ్గింది. స్లోలో ఎగుడుదిగుడు. గేరు మార్చిన ప్రతిసారీ తడబాటు. చేత్తో తాకితే మానిఫోల్డ్ మధ్యభాగం బయట చెమట పట్టి ఉంది. పెట్రోలు ఆవిరి కావడానికి పట్టే వేడి కన్నా ఇథనాల్‌కి రెండు రెట్లకు పైగా కావాలి. ఆ వేడి మానిఫోల్డ్ అడుగు నుంచే రావాలి. రాకపోతే చుక్కలు చుక్కలుగానే ప్రయాణం చేసి, మధ్య సిలిండర్లకి ఎక్కువ, చివరివాటికి తక్కువ అందుతుంది. పలక తీసేశాం. హీట్ రైజర్ రెక్కకి కొత్త బైమెటల్ స్ప్రింగు వేసి, చల్లగా ఉన్నప్పుడు వేడి పైకి, కాగాక నేరుగా సైలెన్సర్‌కి పోయేలా ఫ్యాక్టరీ పద్ధతికి తెచ్చాం. దగ్గు పోయింది. మానిఫోల్డ్ అడుగుకి వేడి కావాలి, పైనున్న ఫ్లోట్ గిన్నెకి వద్దు. ఆ రెంటినీ విడదీసేది హైలం ముక్క, ఉక్కు పలక కాదు.

మధ్యాహ్నం 38 డిగ్రీల ఎండలో 40 నిమిషాలు నడిపి ఆపాం. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో గిన్నె బయటి వేడి చూస్తే ఆపిన 17వ నిమిషంలో గరిష్ఠం. ఎస్‌యూతో 76 డిగ్రీలు వచ్చిన చోట ఇప్పుడు 57. ఆపిన వెంటనే కొలిచి సంబరపడకూడదు, గాలి ఆగాకే వేడి పైకెక్కుతుంది.

పెట్రోలు పీడనం, దారి

మెకానికల్ పంపుకీ కార్బురేటర్‌కీ మధ్య టీ పెట్టి గేజ్‌తో చూస్తే 4.5 పీఎస్ఐ. వెబర్ నీడిల్ వాల్వుకి (గిన్నె నిండగానే పెట్రోలు ఆపే సూది మూత) 2.5 నుంచి 3 చాలు, 3.5 దాటితే నీడిల్‌ని నెట్టుకుని గిన్నె పొంగుతుంది. రెగ్యులేటర్ పెట్టి 2.75కి దించాం. రెగ్యులేటర్ ఇంజిన్ మీద కాదు, ఫెండర్ లోపలి గోడకి. పెట్రోలు గొట్టం కూడా హెడ్డు పక్కనుంచి తీసి ఫెండర్ వైపు మళ్ళించాం.

ఎయిర్ లాక్‌కి అసలు మందు రిటర్న్ లైను. రెగ్యులేటర్ ముందు ఒక టీ, అందులో 1.2 మి.మీ. రంధ్రం ఉన్న ముక్క, అక్కడి నుంచి ట్యాంకుకి సన్న గొట్టం. కాగిన పెట్రోలు, పుట్టిన ఆవిరి ఎప్పటికప్పుడు ట్యాంకుకి పోతాయి. బండి స్లోలో నిలబడి ఉన్నా పెట్రోలు తిరుగుతూనే ఉంటుంది. రంధ్రం 2 మి.మీ. కొడితే హైవేలో ఫుల్ త్రాటిల్‌కి పీడనం చాలదు.

రబ్బరు గొట్టాలన్నీ ఎస్‌ఏఈ జే30 ఆర్9 రకం. మామూలు నల్ల గొట్టం ఈ20కి లోపల మెత్తబడి పొరలుగా ఊడుతుంది. కొత్త కార్బురేటర్ పెట్టిన మొదటి వారంలోనే గిన్నె పొంగింది. నీడిల్ సీటులో తుప్పు రేణువు. ట్యాంకులో 70 ఏళ్ళ బురదని ఇథనాల్ కడిగి తెచ్చింది. ట్యాంకు దించి కడిగించి, పంపుకి ముందొక ఫిల్టరు, తర్వాతొకటి వేశాం. ట్యాంకు పని ముందే చేసుంటే ఒక వారం కలిసొచ్చేది.

లింకేజ్

డాడ్జ్ పాత కడ్డీల అమరిక వెబర్ లివరుకి కలవదు. జీపీ రోడ్డులో కొలత ఇచ్చి త్రాటిల్ కేబుల్ చేయించి, ఫైర్‌వాల్ దగ్గరి పాత బెల్ క్రాంక్‌కి కలిపాం. ఒకరు లోపల కూర్చుని పెడల్ నేలకి తొక్కాలి, ఇంకొకరు ఎయిర్ క్లీనర్ తీసి పైనుంచి రెండు రెక్కలూ నిలువుగా తెరుచుకున్నాయా చూడాలి. మొదటిసారి సెకండరీ సగమే తెరుచుకుంది. "పికప్ రాలేదు" అనే వెబర్లలో కొన్నింటికి రోగం ఇదే, జెట్లు కాదు. రిటర్న్ స్ప్రింగులు రెండు, వేర్వేరు చోట్ల తగిలించి. ఒకటి తెగితే రెండోది కాపాడాలి.

ఫ్లోట్, స్లో

ఫ్లోట్ అంటే గిన్నెలో తేలుతూ పెట్రోలు మట్టం నిలిపే తేలుడు ముక్క. ఇత్తడి ఫ్లోట్ ఉన్న 32/36కి పైమూతని నిలువుగా పట్టుకుని, ప్యాకింగ్ తీసేసి, నీడిల్ బంతిని నొక్కకుండా తాకుతున్న స్థితిలో మూత ముఖం నుంచి ఫ్లోట్ దూరం 41 మి.మీ. ప్లాస్టిక్ ఫ్లోట్ అయితే 35.3. ఒకదాని కొలత ఇంకొకదానికి పెడితే గిన్నె మట్టం ఎక్కడికో పోతుంది.

స్లో స్క్రూ లివరుని తాకిన చోటి నుంచి ఒక చుట్టు లోపలికి, మిక్స్చర్ స్క్రూ మెల్లగా చివరిదాకా మూసి రెండు చుట్లు బయటికి, ఇలా మొదలుపెట్టాలి. పెద్ద ఇంజిన్‌కి 32/36 పెడితే స్లోకి గాలి చాలదని, రెక్క ఎక్కువ తెరవాల్సి వచ్చి ప్రోగ్రెషన్ రంధ్రాలు (స్లో నుంచి వేగానికి మారేటప్పుడు పెట్రోలు ఇచ్చే సన్న రంధ్రాలు) బయటపడతాయని, మిక్స్చర్ స్క్రూకి పట్టు పోతుందని ఒక భయం ఉంది. భయం నిజమే, ఈ ఇంజిన్‌కి మాత్రం వర్తించదు. 3.57 లీటర్లు 500 ఆర్‌పీఎం దగ్గర పీల్చే గాలీ, 2 లీటర్ల ఇంజిన్ 900 దగ్గర పీల్చే గాలీ దాదాపు ఒకటే. ఫ్లాట్‌హెడ్ స్లో 500 దగ్గరే ఉండాలి. ఈ కాలపు బండిలా 800 కావాలంటే మాత్రం ఆ భయం నిజమవుతుంది, స్క్రూ తాకిన చోటి నుంచి ఒకటిన్నర చుట్టు దాటాల్సి వస్తుంది.

60 నంబరు ఐడిల్ (స్లో) జెట్‌తో మంచి స్లో మిక్స్చర్ స్క్రూ 2.75 చుట్ల దగ్గర దొరికింది. రెండున్నర దాటితే జెట్ చిన్నదని లెక్క. 65 వేస్తే 1.75 దగ్గరికి వచ్చింది. ఒకటి లోపే మంచి స్లో దొరికితే జెట్ పెద్దదన్నమాట.

జెట్లు

కార్బురేటర్‌తో వచ్చినవి: మెయిన్ రెండూ 140, ఎయిర్ కరెక్టర్లు (గాలి కలిపే జెట్లు) 165, 160, ఎమల్షన్ ట్యూబులు (పెట్రోలులో గాలి కలిసే గొట్టాలు) ఎఫ్50, పంపు జెట్ 50. ఇంజిన్ పెద్దది కదా అని మెయిన్ జెట్ పెంచడం తప్పు. మెయిన్ జెట్ వెంచురిలో గాలికి తగినంత పెట్రోలు ఇస్తుంది, ఆ గాలిని పీల్చేది రెండు లీటర్లా మూడున్నరా అన్నది దానికి తెలియదు. పెంచాల్సింది పెట్రోలు మారినందుకు. మామూలు పెట్రోలు కిలోకి 14.7 కిలోల గాలి సరిపోతే, ఈ20కి సుమారు 13.5. అంటే 9 శాతం దాకా ఎక్కువ ఇంధనం. జెట్ ప్రవాహం వ్యాసానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి వ్యాసం 4 శాతం పెంచితే చాలు. 140కి 4 శాతం అంటే 145, 146.

సైలెన్సర్ పైపుకి వైడ్‌బ్యాండ్ (పొగని బట్టి మిశ్రమం కొలిచే) సెన్సార్ పెట్టి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద తెల్లవారుజామున కొలిచాం. సెన్సార్‌కి 12 వోల్టులు కావాలి, బండిది 6, అదీ పాజిటివ్ ఎర్త్. వెనక సీటు దగ్గర విడిగా 12 వోల్టుల బ్యాటరీ పెట్టి, బండి వైరింగ్‌కి ఎక్కడా తగలకుండా నడిపాం. గేజ్‌ని లామ్డాలో చదవాలి. లామ్డా 1 అంటే పెట్రోలుకి గాలి సరిగ్గా సరిపోయింది, పైన ఉంటే పెట్రోలు తక్కువ, కింద ఉంటే ఎక్కువ. 14.7 అంకె చూపించే గేజ్ లోపల లామ్డానే 14.7తో గుణించి చూపుతుంది. ఈ20తో ఆ అంకె అసలు నిష్పత్తి కాదు.

సమతలం మీద 50 కిలోమీటర్ల వేగం దగ్గర మెయిన్ జెట్ మార్చినా లామ్డా కదల్లేదు. అక్కడ బండి ఇంకా ఐడిల్ జెట్, ప్రోగ్రెషన్ రంధ్రాల మీదే నడుస్తోంది. మెయిన్ జెట్ తీర్పు 80 దగ్గర చెప్పాలి. 140తో 80 దగ్గర లామ్డా 1.06, బీద మిశ్రమం. 145తో 0.99. ఫుల్ త్రాటిల్‌లో సెకండరీ 140తో 0.95, అది ప్రమాదం. 145తో 0.88, అక్కడ ఆపాం. 150 వేస్తే 0.83కి దిగి పొగ కనిపించింది.

పెడల్ కొట్టినప్పుడు అర సెకను తడబాటు మిగిలింది. పంపు జెట్ 50 నుంచి 60కి మారిస్తే పోయింది. టాప్ గేరులో 25 దగ్గర పెడల్ నేలకి తొక్కితే వచ్చే మూలుగు మాత్రం ఏ జెట్టుతోనూ పోదు. మెకానికల్ సెకండరీ గాలి వేగంతో నిమిత్తం లేకుండా తెరుచుకుంటుంది, అప్పుడు గొంతులో గాలి లేదు. దానికి మందు రెండో గేరు. డ్రైవరుకి ఇది చెప్పి ఒప్పించడానికి జెట్లకన్నా ఎక్కువ సేపు పట్టింది.

టైమింగ్ టీడీసీ (పిస్టన్ పైకొస) నుంచి 4 డిగ్రీలు ముందుకి జరిపాం. నాకింగ్ లేదు. వ్యాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం త్రాటిల్ రెక్క పైనుండే పోర్టుకే, మానిఫోల్డ్‌కి కాదు. మానిఫోల్డ్‌కి పెడితే స్లోలోనే అడ్వాన్స్ నిండి స్లో అస్థిరమవుతుంది.

చివరికి ఎలా ఉంది

స్లోలో వ్యాక్యూమ్ 19.5. పొల్యూషన్ పరీక్షలో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 1.6 శాతం, ఈ తరం బండ్లకి పరిమితి 3. టాప్ గేరులో 40 నుంచి 80కి 25 సెకన్లు పట్టేది 17కి వచ్చింది. తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా తిరుపతి వెళ్ళి వచ్చింది, నగరిలో టీకి ఆగి, సెల్ఫ్ రెండో తిరుగుడికే లేచింది. మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా లేదు, ఈ20తో ఆశించడమూ సరికాదు. 1, 6 ప్లగ్గులు మధ్యవాటికన్నా ఇప్పటికీ ఒక రంగు తెలుపు. ఒకే గొంతు నుంచి ఆరుగురికి వడ్డించే మానిఫోల్డ్‌లో అంతకు మించి సమానం రాదు. జంట కార్బురేటర్ల మానిఫోల్డ్ వేస్తే వస్తుంది, అప్పుడు బండి అసలు రూపం పోతుంది.

వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మానిఫోల్డ్ నట్లు, అడాప్టర్ నట్లు మళ్ళీ బిగించాం. హైలం, కొత్త ప్యాకింగులు కాగి నలిగి పలచబడతాయి, నాలుగు నట్లూ పావు చుట్టు వదులయ్యాయి. ఐడిల్ జెట్ హోల్డర్లు కూడా అప్పుడే చూడాలి. అవి వదులైతే స్లో పోతుంది, మిక్స్చర్ స్క్రూ ఎంత తిప్పినా దొరకదు. బండి నెల రోజులు నిలబెట్టాల్సి వస్తే రెగ్యులేటర్ ముందు కుళాయి మూసి, ఇంజిన్ తనంతట తానే ఆగేదాకా నడిపి గిన్నె ఖాళీ చేయాలి. ఈ20 గిన్నెలో నిలిస్తే తేమ పీల్చి జెట్ల మొదట్లో తెల్లటి బూజులాంటి పొడి కడుతుంది.